పసిబిడ్డ ఆకలి, ఇంటివారి ఓర్పు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



25 సంవత్సరములుగా ఈ ఊరివారికి విజ్ఞానమను అన్నమును వడ్డించుచున్న చోట పసిబిడ్డల అన్నమును గూర్చి మాటాడుట అనుచితము కాదని తలంచుచున్నాను. ఇది వంటయింటి సంగతి గదా, సభలో చెప్పుకొనవలసినదియా యని కొందరికి తోచవచ్చును. కాని బిడ్డ బరువును గూర్చిన మాటలు మన యిండ్లలో ఎన్ని కలతలకు కారణమగుచున్నవో మీరెరుగనిది కాదు. బిడ్డ సన్నబడినచో తల్లిని నిందింతురు. బిడ్డ లావెక్కినచో వానికి తిండిపోతని పేరుపెట్టి ఎగతాళి చేయుదురు. ఈ రెండు నిందలలో ఏదియు న్యాయమైనది కాదని, రెండింటికిని మందు ఇంటివారందరి చేతిలో నున్నదని చెప్పుటయే నేటి నా ఉద్దేశము.

మొదట ఆకలి యనగా నేమో విచారింతము. కడుపు ఖాళీయైనపుడు దానినుండి ఘ్రెలిన్ అను పదార్థము రక్తములో కలిసి, అన్నము కావలెనని మెదడునకు తెలుపును. దీనిని 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఒంటిలోని క్రొవ్వునుండి లెప్టిన్ అను మరియొక పదార్థము పుట్టి, నిలువ యెంత యున్నదో మెదడునకు కబురంపును. దీనిని 1994లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్, ఆయన సహచరులు కనుగొనిరి. కడుపు నిండి సాగినపుడు నరముల ద్వారా ఇంకొక కబురు పోవును. ఈ కబురులన్నియు చేరి, ఇక చాలునని మెదడు తీర్మానించుటకు కొంత సేపు పట్టును. గబగబ మ్రింగించిన అన్నమునకు ఆ వ్యవధి చిక్కదు. చంటిబిడ్డ కడుపు నిండగనే రొమ్ము విడిచి తల త్రిప్పుకొనుట ఈ ఏర్పాటు వలననే. మాటలు రాకమునుపే బిడ్డ చెప్పు తొలి ‘చాలు’ అదియే.

ఈ ఏర్పాటును ఎంతవరకు నమ్మవచ్చునను సందేహము సహజము. 1920వ దశకము చివరను, 1930వ దశకమునను అమెరికాలో క్లారా డేవిస్ అను వైద్యురాలు ఇందుకు ఒక పరీక్ష చేసెను. తల్లిపాలు మానుచున్న 15 మంది శిశువుల ముందు పాలు, గ్రుడ్లు, మాంసము, ధాన్యములు, కూరలు, పండ్లు మొదలగు సుమారు 34 పదార్థములలో కొన్నింటిని పూటపూటకు పళ్లెములలో ఉంచుచుండిరి. దాది చెంచా పట్టుకొని ప్రక్కన కూర్చుండును గాని, ఇది తినుమని గాని వలదని గాని అనరాదు. బిడ్డ దేనికై చేయి చాచునో దానినే పెట్టవలెను. ఒక్కొక్క బిడ్డ తిన్న తీరు ఒక్కొక్క విధముగ నుండెను. ఒకనాటి తిండికిని మరునాటి తిండికిని పోలిక లేకపోయెను. అయినను అందరును చక్కగా పెరిగిరి. ఆమె 1939లో ఈ ఫలితములను వివరించుచు, ఇందలి కిటుకు అంతయు పదార్థముల జాబితాలోనే యున్నదని తెలిపెను. ఆ జాబితాలో పంచదార లేదు, మైదాపిండి తినుబండారములు లేవు. ఎంత తినవలెనో బిడ్డ నిర్ణయించెను. ఏమి తినవలెనో పెద్దలు ముందే నిర్ణయించి యుంచిరి. ఈ విభజనను మీరు మనస్సున నుంచుకొనవలెనని కోరుచున్నాను.

1991లో లీయన్ బర్చ్ అను శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు 2 మొదలు 5 సంవత్సరముల వయస్సుగల 15 మంది పిల్లల తిండిని ఆరు దినములు పూటపూటకు తూచి చూచిరి. ఒక పూటకును మరియొక పూటకును నూటికి 34 పాళ్ల వరకు హెచ్చుతగ్గులు కనబడెను. కాని దినమంతటి మొత్తము చూడగా ఆ హెచ్చుతగ్గు నూటికి 10 పాళ్లే. ప్రొద్దుట సగము ఇడ్డెన తిని లేచిన పిల్లవాడు మధ్యాహ్నమునకు ఆ లెక్క తానే సరిచేసికొనుచున్నాడన్నమాట. మనము పూటకు పూట లెక్కింతుము. బిడ్డ శరీరము దినమునకు లెక్కించును. మన ఆందోళనకు మూలము ఈ తేడాయే.

ఆందోళనకు రెండవ మూలము ఎదుగుదలను గూర్చిన భ్రమ. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2006లో బిడ్డల ఎదుగుదల కొలతలను ప్రకటించిరి. అవి మన ఢిల్లీతోపాటు ఆరు దేశములలో మంచి పరిస్థితులలో పెరిగిన బిడ్డలను చూచి తయారు చేసినవి. వాని ప్రకారము మగబిడ్డ నడిమి బరువు పుట్టినపుడు 3.3 కిలోలు, ఏడాది నిండునప్పటికి 9.6 కిలోలు, రెండేండ్లకు 12.2 కిలోలు, అయిదేండ్లకు 18.3 కిలోలు. ఆడబిడ్డకు ఇంతకంటె కొంచెము తక్కువ. అనగా మొదటి యేట ఆరు కిలోలకు పైగా పెరిగిన బిడ్డ, రెండవ యేట రెండున్నర కిలోలు, పిమ్మట ఏటికి రెండు కిలోలు మాత్రమే పెరుగును. పెరుగుదల నెమ్మదించినపుడు దానికి తగినట్లు ఆకలియు నెమ్మదించును. ఏడాదిన్నర బిడ్డను చూచి, నిన్నటివరకు బాగుగా తినెడివాడు, ఎవరి దిష్టియో తగిలినదని అవ్వ అనుకొనునది సరిగా ఈ సమయముననే. దిష్టి తీసిన దోషము లేదు. కాని దిష్టి తీసిన తరువాత నోరు తెరచి ముద్దలు కుక్కుటయే దోషము.

మరియొక సంగతి. ఎత్తుకు తగిన బరువును కొలుచుటకు కిలోలలో బరువును మీటర్లలోని ఎత్తుచేత రెండు మారులు భాగించి బి.ఎం.ఐ. అను సంఖ్యను కట్టుదురు. ఈ సంఖ్య మొదటి యేట పెరిగి, ఆ పిమ్మట అయిదారేండ్ల వరకు తగ్గుచు వచ్చి, అటుపై మరల పెరుగును. బొద్దుగా నున్న చంటిబిడ్డ నాలుగేండ్లకు పొడుగై సన్నబడుట ప్రకృతి ధర్మము. 1984లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు ఇంకొక విశేషమును కనిపెట్టిరి. ఈ మరల పెరుగుట ఆరేండ్లకంటె చాల ముందుగా ఆరంభమైన పిల్లలే పెద్దయిన తరువాత లావుగా నుండు అవకాశము హెచ్చు. కాబట్టి ఆటపాటలలో చురుకుగా నున్న నాలుగేండ్ల పిల్లవాని ప్రక్కటెముకలు లీలగా కనబడినంత మాత్రమున బెంగపడి బలవంతముగా బొద్దు చేయబూనుట మేలు కాదు.

ఇక ఈ సహజమైన కొలబద్దను మనము ఎట్లు చెడగొట్టుచున్నామో చూతము. 2000లో అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో మూడేండ్ల పిల్లలకు, అయిదేండ్ల పిల్లలకు ఒకనాడు కొద్దిగాను, మరియొకనాడు ఎక్కువగాను వడ్డించిరి. మూడేండ్లవారు ఎంత పెట్టినను తమ ఆకలికి తగినంతయే తినిరి. అయిదేండ్లవారు పళ్లెములో ఎక్కువ యున్ననాడు ఎక్కువ తినిరి. రెండేండ్ల వ్యవధిలో బిడ్డ చూపు కడుపు మీదినుండి పళ్లెము మీదికి మారినది. పళ్లెమున మెతుకు మిగులరాదు, ఇంకొక్క ముద్ద, ఇది అమ్మ ముద్ద, ఇది తాత ముద్ద యని మనము నేర్పు పాఠములన్నియు ఇటువంటి మార్పునకే దారితీయును.

అన్నము పరబ్రహ్మ స్వరూపమని నమ్మిన జాతి మనది. పారవేయుమని నేననుట లేదు. తక్కువ వడ్డించి, అడిగినచో మరల వడ్డించినయెడల అన్నమునకును గౌరవము దక్కును, బిడ్డ ఆకలికిని గౌరవము దక్కును. అడుగనిదే అమ్మయైనను పెట్టదను సామెతను మనము నిష్ఠురముగా వాడుదుము గాని, బిడ్డకు అడుగు అవకాశమిచ్చుట యనునది నిజముగా గొప్ప శిక్షణ. ఆకలి రుచి యెరుగదని గూడ మనవారనిరి. ఆకలి పుట్టకమునుపే ముద్ద నోటికి వచ్చుచుండగా, రుచికై పేచీ పెట్టక బిడ్డ యేమి చేయును?

బలవంతము వలన తిండి పెరుగునా యనినచో, అదియు లేదు. 2006లో ప్రకటితమైన ఒక పరిశోధనలో బడిపిల్లలకు రసము వంటి సూపును ఇచ్చి, కొన్నాళ్లు త్రాగుము త్రాగుమని ఒత్తిడి చేసిరి, కొన్నాళ్లు ఊరకుండిరి. ఒత్తిడి లేనపుడే పిల్లలు ఎక్కువ త్రాగిరి. ఒత్తిడి చేసినపుడు దానిని ఏవగించుకొనుచు మాటలాడిరి. 1999లో మరియొక పరిశోధన దీనికి రెండవ ప్రక్కను చూపెను. కంటికెదురుగ నుంచి ముట్టరాదని నిషేధించిన తినుబండారముమీద పిల్లలకు మోజు ఇంకను పెరిగెను. తినుమని ఒత్తిడి చేసినది చేదగును, తినవలదని ఊరించినది అమృతమగును. కాబట్టి చిప్పుల పొట్లములు, శీతలపానీయములు అలమరలో నుంచి కాపలా కాయుటకంటె ఇంటికి తేకుండుటయే సుళువైన ఉపాయము.

ఇప్పుడు ఆత్మనిగ్రహము మాటకు వచ్చెదను. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయపు శిశుపాఠశాలలో 1960వ దశకము చివరనుండి వాల్టర్ మిషెల్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు నాలుగేండ్ల ప్రాయపు పిల్లలపై ఒక పరీక్ష జరిపెను. బిడ్డ ముందు మార్ష్‌మెల్లో అను మెత్తని మిఠాయి వంటిదానిని ఉంచి, నేను తిరిగి వచ్చువరకు ఆగినచో రెండిత్తును, ఆగలేనిచో గంట మ్రోగించి ఒక్కటి తీసికొమ్మని చెప్పి వెలుపలికి పోవుదురు. కొందరు వెంటనే తినిరి, కొందరు నిమిషముల తరబడి ఆగిరి. సుమారు 30 సంవత్సరముల పిమ్మట ఆ పిల్లలలో 164 మంది ఎత్తు బరువుల వివరములను సేకరించి 2013లో ప్రకటించిరి. చిన్ననాడు ఆగిన ప్రతి నిమిషమునకును పెద్దనాటి బి.ఎం.ఐ. 0.2 చొప్పున తక్కువగా నుండెను. అయిదు నిమిషములు ఎక్కువ ఆగినవారికి ఒక అంకె తక్కువ యన్నమాట. 1.60 మీటర్ల ఎత్తుగల మనిషికి అది సుమారు రెండున్నర కిలోల బరువు. 2009లో 805 మంది అమెరికా పిల్లలను గూర్చి వెలువడిన మరియొక పరిశోధనలో, నాలుగవ యేట ఆగలేకపోయినవారు పదునొకండవ యేట అధిక బరువుతో నుండు అవకాశము సుమారు 30 పాళ్లు హెచ్చని తేలెను.

ఇది విని, లావుపాటి పిల్లవాడు నిగ్రహము లేనివాడని తీర్పు చెప్పుటకు తొందరపడవలదు. ఆ 2009 నాటి పరిశోధనలోనే తల్లి శరీర భారమును కూడ లెక్కలోనికి తీసికొనగా ఈ సంబంధము బలహీనపడెను. వంశము, ఇంటి తిండి, ఇంటి స్థితి అన్నియు ఇందులో కలిసియున్నవి. మిషెల్ చూచిన పిల్లలు అధిక భాగము విశ్వవిద్యాలయమునకు చెందిన చదువుకున్న కుటుంబములవారు. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరములను మరల పరిశీలించినపుడు, ఓర్పునకును తరువాతి చదువునకును గల సంబంధములో పెద్ద భాగము కుటుంబ పరిస్థితులను లెక్కించగనే కరిగిపోయెను. కాబట్టి ఆగగలుగుట యనునది నుదుటి వ్రాత కాదు.

అది ఎచ్చటనుండి వచ్చునో 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయమున జరిగిన పరీక్ష చక్కగా చూపినది. 28 మంది పిల్లలను రెండు జట్లు చేసిరి. మంచి బొమ్మల సామగ్రి తెచ్చి ఇత్తుమని అందరికిని చెప్పిరి. ఒక జట్టుకు చెప్పినట్లు తెచ్చి ఇచ్చిరి; రెండవ జట్టుకు, లేదు, అయిపోయినదని చెప్పి వట్టి చేతులతో వచ్చిరి. పిమ్మట ఇరుజట్లకును మిఠాయి పరీక్ష పెట్టిరి. మాట నిలుపుకొనబడిన పిల్లలు సగటున 12 నిమిషములు ఆగిరి. మోసపోయిన పిల్లలు 3 నిమిషములే ఆగిరి. అయ్యలారా, ఈ సంగతి మన తండ్రులు విశేషముగ ఆలోచింపదగినది. ఏడ్వకుము, సాయంత్రము సంతనుండి తెచ్చెదనని చెప్పి, తేక, మరచినట్లు నటించు తండ్రి బిడ్డకు ఏమి నేర్పుచున్నాడు? చేతికందినది ఇప్పుడే తినుము, రేపటి మాట నమ్మవలదని నేర్పుచున్నాడు. అటువంటి బిడ్డ ఆగకపోవుట నిగ్రహలోపము కాదు, వివేకమే.

మిషెల్ పరీక్షలలోనే మరియొక మేలైన విషయము బయటపడెను. మిఠాయిని కప్పిపెట్టినను, బిడ్డ మనస్సును ఆట మీదికి, పాట మీదికి మరల్చినను నిరీక్షణ సుళువగుచుండెను. ఓర్పు యనునది పండ్లు బిగబట్టుకొనుటలో లేదు. మనస్సును మరియొకచోట నుంచు నేర్పులో నున్నది. నేర్పు గనుక నేర్పవచ్చును. వంట యగువరకు కథ చెప్పుట, గ్రుక్కెడు మంచినీళ్లిచ్చి విస్తళ్లు పరువుమనుట, తమ్మునికి పెట్టిన పిమ్మట నీకని వరుస చెప్పి ఆ వరుస తప్పకుండుట, ఇవియన్నియు నిగ్రహమునకు ఓనమాలు.

కాని ఇంతవరకు చెప్పినదానిని తప్పుగ గ్రహించినచో కీడు మూడును. ఆకలినిబట్టి తిననిమ్మని చెప్పుట, పెట్టక విడిచిపెట్టుమని చెప్పుట కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 35.5 మంది వయస్సుకు తగిన ఎత్తు లేనివారు, 19.3 మంది ఎత్తుకు తగిన బరువు లేనివారు. అధిక బరువు గలవారు 3.4 మంది. ఈ చివరి అంకె అంతకుముందు 2015–16 సర్వేలో 2.1గా నుండెను. అనగా కొరత తీరకమునుపే అతి కూడ మన గడప త్రొక్కుచున్నది. జబ్బుపడి లేచిన బిడ్డకును, బరువు తగ్గుచున్న బిడ్డకును ఆకలి కొలబద్ద సరిగా పనిచేయదు. అట్టి బిడ్డకు కొద్దికొద్దిగ, మారుమారు, బుజ్జగించి పెట్టవలెను. బుజ్జగించుట వేరు, బలవంతపెట్టుట వేరు.

ఈ తేడాను మన తెలుగునాటనే పరీక్షించి చూచిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు నల్లగొండ జిల్లాలోని 60 గ్రామములలో 600 మంది తల్లీబిడ్డలతో ఒక పరిశోధన జరిపి 2013లో ప్రకటించిరి. గ్రామములను మూడు భాగములు చేసి, ఒక భాగమున మామూలు అంగన్‌వాడీ సేవలే యుంచిరి. రెండవ భాగమున ఏయే ఆహారము పెట్టవలెనో తల్లులకు ఇంటికి వచ్చి బోధించిరి. మూడవ భాగమున దానితోపాటు బిడ్డ సైగలను కనిపెట్టి తినిపించుట, బిడ్డతో ఆడుట కూడ నేర్పిరి. బోధన పొందిన రెండు భాగములలోను బిడ్డల ఆహారము మెరుగుపడెను. రెండవ భాగమున పొడుగు ఎదుగుదల మెరుగుపడగా, మూడవ భాగమున బిడ్డల బుద్ధివికాసము మెరుగుపడెను. తల్లి చేతిలోని ముద్దయే కాదు, ఆమె చూపును బిడ్డను పెంచుచున్నదని దీనివలన తెలియుచున్నది.

కాగా మనము చేయదగినదేమి? ఎలిన్ సాటర్ అను అమెరికా ఆహార నిపుణురాలు ఒక చక్కని పంపకము చెప్పెను. ఏమి పెట్టవలెను, ఎప్పుడు పెట్టవలెను, ఎక్కడ పెట్టవలెను అనునవి పెద్దల వంతు. తినుటయా మానుటయా, ఎంత తినుట అనునవి బిడ్డ వంతు. పెద్దల వంతులో లోపము చేసి బిడ్డ వంతును లాగికొనుటయే నేడు మన యిండ్లలో జరుగుచున్నది. ఇంటిలో ముద్దపప్పు, గ్రుడ్డు, ఆకుకూర, పెరుగు, అరటిపండు, జామపండు, జొన్నరొట్టె వంటివి ఉండవలెను. వేళకు పెట్టవలెను. రెండు పూటల నడుమ బిస్కత్తులతో, తియ్యని పానీయములతో ఆకలిని చంపరాదు. పదిమందితో కూర్చుండబెట్టి, తన చేతితో తాను తిననీయవలెను. ఒళ్లంతయు పులుముకొన్నను సరే.

మునుపు చందమామను చూపి గోరుముద్దలు పెట్టినారు గదా, ఇప్పుడు సెల్‌ఫోను చూపినచో తప్పేమని కొందరడుగుదురు. చందమామను చూపు తల్లి బిడ్డ ముఖమును చూచుచుండును, బిడ్డ చాలుననినది ఆమెకు తెలియును. ఫోను చూచు బిడ్డకు తాను తినుచున్న సంగతియే తెలియదు; తల్లికి పళ్లెము ఖాళీయైన సంగతి తప్ప మరేమియు తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారము రెండేండ్లలోపు బిడ్డలకు తెరలు చూపనే రాదు. 2 మొదలు 4 ఏండ్లవారికి దినమునకు ఒక గంటకు మించరాదు. నిద్రయు ముఖ్యము. మూడు నాలుగేండ్ల బిడ్డకు 10 మొదలు 13 గంటల నిద్ర కావలెను.

మరి బిడ్డ బాగుగనే యున్నాడని ఎట్లు తెలియును? ఎదురింటి బిడ్డతో పోల్చుటవలన కాదు, తూనికవలన. నెలనెల అంగన్‌వాడీలో తూచి, ఆ బరువును ఎదుగుదల పట్టికలో గుర్తింపించవలెను. గీత తన దారిని తాను పైకి పోవుచున్నచో బిడ్డ సన్నగా నున్నను చింత లేదు. గీత అడ్డముగ సాగినను, క్రిందికి వంగినను, ఒక్కసారిగా పైకి లేచినను వైద్యునితో మాటాడవలెను. ఆరు నెలలు మొదలు అయిదేండ్ల వరకు గల బిడ్డ దండచుట్టుకొలత 12.5 సెంటీమీటర్లకు తక్కువైనచో అది హెచ్చరిక, 11.5కు తక్కువైనచో జాగుచేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

తుదకు ఒక విన్నపము. బిడ్డ సన్నగా నున్నాడని ఇంటికి వచ్చిన ప్రతివారును కోడలి ముఖముమీద అనుచున్నచో, ఆమె బిడ్డ నోట ముద్ద కుక్కక ఏమి చేయును? ఆమె భయము బిడ్డ గొంతులో ముద్దయగుచున్నది. అత్తలు, ఆడబిడ్డలు, ఇరుగుపొరుగువారు ఆ మాటను మానినచో ఈ ఉపన్యాసములో సగము పని నెరవేరినట్లే. రజతోత్సవ శుభసందర్భమున ఈ గ్రంథాలయ కార్యవర్గమువారు ఎదుగుదల పట్టికనొకదానిని పెద్ద అక్షరములతో గోడకు కట్టించినను, సాయంకాలము వేళ పిల్లలకు కథలు చదివి వినిపించు ఏర్పాటు చేసినను ఊరికి మేలు చేసినవారగుదురు. కథ చివర ఏమగునోయని ఆగి వినుట కూడ ఓర్పే గదా.